ఆమెన్ తర్వాత లేవని రెప్పలు

హలో… ఆ, నేనే బావగారూ, జకరయ్యని. వందనాలు.

…ఆ, బాగుండాము. మీరందరూ? …ఆ. చెల్లెమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? …సంతోషం.

…ఆ రొదా? ఏరియేటర్లు. రొయ్యల గుంట కట్ట మీద ఉండా. పొద్దుగూకితే నీళ్లకి గాలి పట్టియ్యాల గదా, లేకుంటే రొయ్య పైకి తేలిపోతాది. …ఉండండి, రవంత ఎడంగా వస్తా.

ఆ. ఇప్పుడు చెప్పండి.

…రేపా? తెలుసు. ఆదివారం. ఆరాధన అయినాక.

…చెప్పినాడు. మా బామ్మర్ది రవి కుమార్ మీ ఇంటి నించి నేరుగా నా దగ్గిరకే వచ్చినాడు. మీరేమన్నారో అంతా చెప్పినాడు.

…ఊఁ.

…ఊఁ.

…వింటానే ఉండా బావగారూ. నేనెప్పుడూ ఇంతే. మీరు చెప్పండి.

…ముందుకి రానక్కర్లా? ఉన్నచోటనే లేచి నిలబడితే చాలునా? ఆ. …రెండే మాటలు. "మా పిల్ల అబిగయీలు ప్రధానం నాడు నేను తాగి ప్రార్థన చేసినాను. సంఘం నన్ను క్షమించాల." …అంతేనా?

…అంతే చెప్తే మీ వాళ్ల నోళ్లు మూతపడతాయి. పెళ్లి అనుకున్న తేదీకే జరుగుతాది. …ఆ.

…మీ మంచితనం కాదనను. ఇంకొకరైతే ఆ రోజే పిల్ల వేలికి తొడిగిన ఉంగరం తీసుకుని పోయుందురు.

…

…లేదు, లేదు. గమ్మున ఉండానంటే ఒప్పుకున్నట్టు కాదండీ. మాట కూడగట్టుకుంటా ఉండా.

బావగారూ… నేను తాగలా.

…ఆ రోజే కాదు. ఎప్పుడూ తాగలా. మా ఊళ్లో ఎవర్నైనా అడగండి. కల్లు కుండ పక్కన కూర్చున్నోణ్ణి కూడా కాదు.

…అవును, మా బామ్మర్దే చెప్పినాడు మీకు. నేనక్కడే నిలబడుండా. చెల్లెమ్మ అందరి ముందరా "ఈయన తాగుండాడు" అనేసింది. చుట్టూ మీ చుట్టాలు. మావాడికేం తోచలా. "రాత్రంతా గుంట మీద ఉండినాడు, చలికి రవంత పుచ్చుకున్నాడు లేండి" అనేసినాడు.

…నేనెందుకు కాదనలేదా? మాట వస్తే గదా బావగారూ, కాదనేది. నాలిక మడతపడిపోయింది. "తాగలా" అందామని నోరు తెరిస్తే, ఆ మాటే తాగినోడి మాట మాదిరి వచ్చింది. మీరూ విన్నారు గదా.

…నవ్వండి, ఏం ఫర్వాలా. తర్వాత నాకూ నవ్వొచ్చింది. మా ఇంటామె రెబెక్క మాత్రం నవ్వలా. రెండు రోజులు అన్నం ముట్టలా.

…అదే చెప్తా ఉండా. జబ్బు.

…జబ్బేనండీ. తాగుడు కాదు.

…ఎన్నాళ్ల నించంటే… పోయిన వానల కాలం నించి. ఎవురూ కనిపెట్టలా. గొంతు పోతా ఉందని ఇంట్లో ఎవరికి తెలుస్తాది? నేను మాట్లాడితే గదా. మొహాన నవ్వు రావడం లేదని కూడా ఎవురికీ తోచలా. మా రెబెక్క నేను అలిగినాననుకుంది. ముప్పై ఏళ్ల నించి అట్టానే అనుకుంటా ఉండాది లే.

…ఉండండి బావగారూ, పిల్ల వచ్చింది.

ఏందమ్మా? …మీ మామగారు. …ఆ, పెళ్లి పనులే. …మాత్ర వేసుకుంటా లే. ఈ ఫోను కానీ. …వేసుకుంటానన్నా గదా. పో, ఆ చివరి గుంటకి మేత పడిందో లేదో చూడు, పో తల్లీ.

…ఆ, బావగారూ. పోయింది. మాత్ర వేళయిందని గుర్తు చెయ్యను వచ్చింది. మాత్ర వెయ్యాలంటే నీళ్లు తాగాల. నీళ్లు తాగాలంటే నాకు గుటక గుటకకీ ఆగాల. అందాకా మీరు ఫోను పట్టుకునుండరు. వేసుకున్నా వెంటనే పట్టదు లేండి. మాట్లాడదాం.

…పేరా? ఇంగ్లీషు పేరు. మయస్తీనియా అంటాది మా అబిగయీలు. నేను చదివింది మూడో తరగతి, నాకెక్కడ నోరు తిరుగుతాది. నాలిక తిరగని జబ్బుకి నాలిక తిరగని పేరు పెట్టినారు.

…ప్రధానం నాడా? చెప్తా. ముందు రోజు పట్టుబడి. రొయ్యలు పట్టి లారీకెత్తేసరికి తెల్లారింది. పడుకోలా. పొద్దున్నించి వచ్చినోళ్లకల్లా వందనాలు చెప్తానే ఉండా. మాపటికి నా దవడ నా మాట వినడం లేదు. అప్పుడు మీరు, "పిల్ల తండ్రి ప్రార్థన చేస్తే బాగుంటాది" అన్నారు.

…తప్పు మీది కాదు. పెద్దమనిషి తరహాగా అడిగినారు. నేను కాదంటే బాగుండదు. లేచినా.

…మొదట బాగానే చెప్పినా గదా? …ఆ. పిల్ల పేరు, మీ అబ్బాయి సుశీల్ కుమార్ పేరు దాకా. ఆ తర్వాత ముక్కుతో వచ్చింది మాట. అందరూ కళ్లు మూసుకునుండారు. అక్కడే వచ్చింది చిక్కు. తెరిచుంటే నా మొహం చూసి, ఏదో అయిందనుకుందురు. చెవులతోనే వింటిరి. ముద్ద ముద్దగా వినబడింది. మధ్యలోనే ఆమెన్ అనేసినా.

…అందరూ కళ్లు తెరిచినారు. నేను తెరవలా.

…నిద్ర కాదండీ! తెరవబోతే రెప్పలు లేవలా. మెలకువగానే ఉండా. చీకట్లో నిలబడి అన్నీ వింటా ఉండా. ఎవరో కిసుక్కుమన్నారు. చెల్లెమ్మ ఆ మాట అనింది. మా బామ్మర్ది ఆ మాట అన్నాడు. అంతా విన్నా. వేళ్లతో రెప్ప పైకెత్తి చూసేసరికి, మీరు చెప్పులేసుకుంటా ఉండారు.

…ఆ. వేలితో రెప్ప ఎత్తితే ఇంకా తాగుబోతు మాదిరే ఉండింటాది. నిజమే.

…

…ప్రధానానికి ముందే చూపించుకున్నా. పెద్దాసుపత్రి కాదు, నెల్లూరులోనే ఒక డాక్టరమ్మ. నరాల డాక్టరు. ఆ ముందు కళ్ల డాక్టరు దగ్గిరకి పోయినా, శుక్లమేమోనని. ఆయన శుక్లం కాదు పొమ్మన్నాడు. ఈ అమ్మ మాత్రం చూడంగానే, చేతి తొడుగులో ఐసు ముక్కలేసి, ముడేసి, వాలిపోయిన రెప్ప మీద పెట్టింది. కొంచేపటికి తీసేసరికి రెప్ప లేచింది.

…అవునండీ, ఉత్త ఐసు. చల్లదనానికి లేస్తాదంట. నేను నవ్వినా. నవ్వు రాలా గానీ నవ్వినా. ఎందుకంటే నాకది ముందే తెలుసు. పట్టుబడి నాడు రొయ్యల మీద ఐసు పోసేటప్పుడు, చెమట పట్టిందని ఆ చేత్తోనే మొహం తుడుచుకుంటా గదా, అప్పుడంతా కన్ను బాగుంటాది. అదేందో ఎండ దెబ్బేమో అనుకున్నా. జబ్బని తోచలా.

…నెత్తురు తీసి మద్రాసుకి పంపించినారు. అదే అని వచ్చింది.

…ఎందుకొస్తాదంటే… మీరు సైన్సు చెప్పిన టీచరు, నాకంటే మీకే బాగా తెలుస్తాది. ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్తా. తప్పయితే దిద్దండి.

కండ ఉంటాది గదా. నరం దాని దగ్గిర దాకా వచ్చి ఆగిపోతాదంట. అంటుకోదంట. రవంత సందు ఉంటాది. నరం కొస నించి ఏదో రసం వస్తాదంట. ఆ రసాన్ని అందుకునేవి కండకి ఉంటాయంట… లోపల కాదు. పైన. పై పొర మీద, నరం ఎదురుగా. రిసెప్టర్లు…

…ఆ, అవే. మీకు తెలిసినవే గదా.

నాకు మొదట ఎక్కలా. ఇంటికొచ్చి నేనే అనుకున్నా. పట్టుబడి నాడు మేము గుంటలో దిగి రొయ్యల బుట్ట పైకందిస్తాం. గట్టు అంచున మనుషులు వంగి చేతులు చాచుంటారు. అందిస్తేనే చాలదు. అందుకునే చెయ్యి ఉండాల. అందుకుంటేనే బుట్ట లారీ దాకా పోతాది. నాకేమయిందంటే… గట్టు మీద చేతులు చాచినోళ్లని నా కాపలావాళ్లే దొంగలనుకున్నారు. కొందరి చేతులు కట్టేసినారు. కొందరివి విరగ్గొట్టినారు.

…ఆ. ఒంట్లో కాపలా. జొరమొస్తే కాపాడేదీ అదే. దానికి మతి తప్పింది. నరానికేం కాలా, కండకేం కాలా. కిందోడు బుట్ట అందిస్తానే ఉంటాడు. అందుకునేవాడు లేక అది నీళ్లలో పడిపోతా ఉంటాది. నిద్రపోయి లేస్తే కొంచెం బాగుంటాది. వాడేకొద్దీ అలుపు.

…ముందు రెప్పలు. తర్వాత దవడ, నాలిక, గొంతు. ఊపిరి దాకా రాకుండా చూసుకోమంది.

…హలో?

…హలో, బావగారూ? కట్ అయిందా?

…ఆ, ఉండారా. సిగ్నలు పోయిందనుకున్నా.

…అంటదు. అంటుకునే జబ్బు కాదు. మా రెబెక్క నా కంచంలో మిగిలింది తింటాది, ఆమెకేం కాలా.

…అది అడుగుతారని తెలుసు. అందుకేగా మావాడు ఆ రోజు తాగుడని చెప్పింది. జబ్బంటే, పిల్లకీ ఉంటాదేమో అని మీరంటారని.

…రాదంది డాక్టరమ్మ.

…ఆ మాటే అన్నదా అంటే… "మామూలుగా రాదు" అంది.

…అవును. "మామూలుగా" అంది. ఆ ఒక్క మాట మింగేసి చెప్పుండొచ్చు నేను. మా బామ్మర్ది అయితే మింగేసుండును. నాకు మింగడం చేతకాకనే గదా ఈ తంటా.

…రాసిమ్మంటే ఏ డాక్టరు రాసిస్తాడు బావగారూ? నాకొస్తాదని ఎవురన్నా రాసిచ్చినారా? మా నాయనకి లేదు. మా అమ్మకి లేదు. మా అన్నకి లేదు, ఆయన ఇప్పటికీ కోడి కాలు ఎముకతో సహా నమలతాడు.

…పిల్లకి నెత్తురు పరీక్షా?

…పెళ్లికి ముందు. మీ పెద్దలకి చూపించేదానికి.

…అబ్బాయి నెత్తురు కూడా మా పెద్దలకి చూపిస్తారా మరి?

…కోపం కాదు. అడిగినా.

…లేదు, మీరు పెట్టెయ్యబాకండి. మాట మీరినా. చెప్పండి.

…

…ఊఁ.

…ఏందీ? ఏరియేటరు రొదలో సరిగ్గా వినబడలా. మళ్లా చెప్పండి.

…నేను తాగలేదని మీరు నమ్మతా ఉండారు. …ఆ. అందుకు వందనాలు.

…నమ్మినా గానీ… రేపు తాగినాననే చెప్పమంటారు?

…జబ్బు మాట మన ఇద్దరి మధ్యనే. చెల్లెమ్మకి వద్దు. సుశీల్ కుమార్‌కి వద్దు. …ఆ. మీ అబ్బాయికి కూడానా?

…తాగుడంటే ఒక్క ఆదివారంతో పోతాది. నెత్తుర్లో జబ్బని పేరు పడితే మీ ఇంటి మీద కూడా పడతాది. …అర్థమయింది. మా బామ్మర్దీ ఇదే అన్నాడు. మీరిద్దరూ ఒకే బడిలో చదివినట్టుండారే.

…ఎగతాళి కాదండీ. నాకంత నోరు యాడుంది.

ఒక్క నిమిషం. …గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటా ఉండా. దవడ జారిపోతా ఉండాది. …ఆ. చెప్పండి.

…ఒప్పుకుంటే ప్రభువు బల్లకి ఎన్నాళ్లు దూరం? …క్రిస్మస్ దాకానా. …చిన్నదే. మీ లెక్కకి చిన్నదే.

నేను ఆ బల్ల దగ్గిరే పెళ్లి చేసుకున్నా. పిల్లకి ఆ బల్ల దగ్గిరే పేరు పెట్టినాం. ఏ నీళ్లు తాగినా ముక్కులోకొస్తాయి గానీ, ఆ బల్ల మీది ద్రాక్షరసం గుటక మాత్రం ఇప్పటికీ దిగతా ఉండాది. ఎందుకో తెలీదు. చిన్న గుటకనేమో.

…తాగినోళ్లని మన సంఘం ఎప్పుడూ వెళ్లగొట్టలా, అదీ నిజమే. ఏడ్చి ఒప్పుకుంటే కావలించుకుంటారు. నేను చూడలేదా. …కానీ వాళ్లు తాగినారండీ. తాగి ఒప్పుకున్నారు. నేను తాగకుండా ఒప్పుకుంటే, దానికేం పేరు పెట్టాల? దేవుడి ఎదట నిలబడి అబద్ధం. అప్పుడు నిజంగా ఒప్పుకోవాల్సింది ఒకటి మిగులుతాది గదా. అది ఎవురి ముందర ఒప్పుకునేది?

…పిల్ల కోసం. ఆ. పిల్ల కోసమే. అదే నన్ను కట్టేసుండాది. అబ్బాయి మంచోడు. మా పిల్లకి నచ్చినాడు. తను పనిచేసే ల్యాబు నించి వస్తానే ఫోను పట్టుకుని నవ్వతా ఉంటాది. నా మొహాన లేని నవ్వు అంతా దానికే పోయింది.

…ఒప్పుకోకుంటే సంబంధం లేదు. …ఖాయమా? …ఆ.

…

…ఏం?

…ఏందండీ ఆ మాట?

…ఇప్పుడు తాగుండానా అంటారా?

…అయ్యో బావగారూ. ఇంత చెప్పినాక గూడా. …అలవాటుగా వచ్చేసింది మీ నోట, అంతే గదా. …మాట ముద్దగా వస్తా ఉందని. …వస్తాది. ఇంతసేపు మాట్లాడినా గదా. నా జన్మలో ఇంత మాట్లాడలా. మీ ఒక్కరితోనే మాట్లాడినా. మాట్లాడేకొద్దీ ఇట్టా అవుతాదని చెప్తానే ఉండా… చెప్పేకొద్దీ అవుతా ఉండాది.

…రేపూ ఇంతే. అర్థమయిందా మీకు? లేచి నిజం చెప్తా అనుకోండి… నాలుగు మాటలకే తాగినట్టుంటాది. అబద్ధం చెప్తే… తాగినానని నేనే చెప్పినట్టు. ఏది చెప్పినా… వినేవాళ్లకి ఒకటే.

…గమ్మునుంటేనా? గమ్మునుంటే… ఒప్పుకున్నట్టు. మీరే అన్నారు గదా ఇందాక.

…అరుస్తా ఉండారే. …లేదు, లేదు. వింటా ఉండా.

…

బావగారూ… ఒక మాట. మనం ఇద్దరం… పిల్లని అడిగినామా?

…తెలీదు. జబ్బు సంగతి దానికి తెలుసు. నన్ను బండి మీద… తీసకపోయింది అదే గదా. మీకు చెప్పలేదని… తెలీదు. రవి మామ మీకంతా చెప్పేసినాడనే… అనుకుంటా ఉండాది. తాగుడని చెప్పింది తెలీదు. లోపలి గదిలో ఉండింది ఆ పొద్దు. తెలిస్తే… మా రెబెక్క వద్దనింది. మా బామ్మర్ది వద్దన్నాడు. ఇప్పుడు… మీరూ వద్దంటా ఉండారు.

…చెప్పబాకంటారా.

…

…అబిగయీలూ.

అబిగయీలూ… ఇటు రా తల్లీ.

…లేదు బావగారూ. పెట్టెయ్యబాకండి. …కట్ట మీదే ఉండాది, వస్తా ఉండాది.

రా. …మాత్ర సంగతి కాదు. గుంట దీపం పనోళ్లు వేస్తారు లే, వదిలెయ్. ఇటు నిలబడు. …మీ మామగారు ఫోన్లో ఉండారు. వింటానే ఉండారు. ఇను.

ప్రధానం నాడు… నాకు జబ్బని వాళ్లకి ఎవురూ చెప్పలా. …ఆ. చెప్పలా. తాగినానని చెప్పినాడు… రవి మామ. …ఉండు, ఏడవబాకు, నాకు మాట… అయిపోతా ఉండాది. రేపు చర్చిలో… నేను లేచి… తాగినానని చెప్పాలంట. చెప్తే పెళ్లి. లేకుంటే… లేదు. ఇప్పుడు నేను తాగలేదని… చెప్పినా. నమ్మినారు. నమ్మినా… అట్టానే చెప్పమంటా ఉండారు.

…అబ్బాయికి తెలీదు. చెప్పొద్దంట.

…నేను చెప్తా అమ్మా. నువ్వు చెప్పమంటే… రేపు లేచి చెప్తా. నాకేం. …నీ మొహం చూసి చెప్తా. వద్దంటే… చెప్పను. నువ్వు… నువ్వు మాట్లాడు. నా వల్ల… ఇంక కాదు.

బావగా… పిల్లకి… ఇస్తా ఉండా.

ఇందా.

…

…

…ఏమ్మా… ఒక్క మాటన్నా అనకుండా… కట్ చేసేసినావే.